రాని ముట్టుకు గుడిసెలో కూర్చున్నాను

ఇప్పుడు నాకు నెలనెలా ముట్టు వస్తోంది. ఇలాంటి సంగతి కాగితం మీద పెట్టే ఆడది మా మంగళవాడ చుట్టుపక్కల ఇంకొకతె ఉండదని నాకు తెలుసు. సిగ్గు లేదా అని అడిగేవాళ్ళు అడగనీ. సిగ్గుపడి నోరు మూసుకున్నందుకు నేను పోగొట్టుకున్నదేమిటో చదివాక అడగమనండి.

నా పేరు ఓబుళమ్మ. పుట్టింది కన్నడ సీమలో, నిడుగల్లు కోట కింది పల్లెలో. చిన్నప్పుడు మడకశిరలో మా మేనమామ ఇంట నాలుగేళ్ళు ఉన్నాను కాబట్టి తెలుగు రాయడం వచ్చింది. తర్వాత మా నాయన తీసుకొచ్చి గొర్రెల వెంట తోలాడు. పెళ్ళయ్యేదాకా నాకు తెలిసిన పని అదే. మా ఆయన ఈరన్న. వాళ్ళకూ గొర్రెలే, కొంచెం వేరుశనగ చేను కూడా ఉంది. మా అత్త సిద్దమ్మ చిన్నతనంలోనే మొగుణ్ణి పోగొట్టుకుని, ఈ ఒక్క కొడుకును పెంచుకుంది.

మా వాళ్ళలో ముట్టయిన ఆడది ఇంట్లో ఉండకూడదు. ఊరి బయట, గొర్రెల దొడ్డి దాటాక, బోదగడ్డి కప్పిన రాతిగోడల గుడిసె ఒకటి ఉంది. మూడు రోజులు అక్కడే తిండి, అక్కడే పడక. నాలుగో రోజు తలకు పోసుకుని ఇంటికి రావాలి. ఇంటివాళ్ళు సంగటి తెచ్చి దూరంగా ఒక బండ మీద పెట్టి పోతారు. ఆ గుడిసెను తిట్టుకోని ఆడది లేదు. చలికాలం గోడ సందుల్లోంచి ఈదురుగాలి, వానకాలం తేళ్ళు. దానికి తోడు, ఎవరు ఏ నెల బయట చేరారో, ఎవరు చేరలేదో ఊరందరికీ తెలిసిపోతుంది. మొగవాళ్ళకు కూడా తెలుస్తుంది, తెలియనట్టు ఉంటారు.

నాకు మొదటినుంచీ సరిగా వచ్చేది కాదు. రెండు నెలలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి. మా అమ్మ, నీ అవ్వకూ ఇంతే, పెళ్ళయితే కుదురుకుంటుందిలే అనేది.

విక్రమ నామ సంవత్సరంలో, నేను కాపురానికొచ్చిన రెండో ఏడు, వరసగా మూడు నెలలు గుడిసె మొహం చూడలేదు. మా అత్త సంతోషం చెప్పనలవి కాదు. మా ఇంట్లో వరి అన్నం పండగలకే. అలాంటిది, ఆమె చెరువు కింద మడి ఉన్న తన అన్న దగ్గరికి పోయి బియ్యం తెచ్చింది. పొద్దున బెల్లం పానకం, మధ్యాహ్నం నెయ్యి పోసిన వరన్నం, సాయంత్రం శనగవిత్తనాల ఉండ. కడుపుతో ఉన్న ఆడది గొర్రెల దొడ్డి తొక్కకూడదు, కడవ ఎత్తకూడదు, ఎండలో నడవకూడదు. గడప లోపల గోడకు ఆనుకుని కూర్చోమంది. కూర్చున్నాను. పుట్టింట్లో అంత ముద్దు నాకెవరు చేశారు! తిన్నాను, ఒళ్ళు చేశాను. కడుపు పెరిగితే చేతులు పెట్టి చూసుకుని నవ్వుకునేదాన్ని.

ఆరో నెలలో మంత్రసాని వచ్చింది. కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమి, మా అత్తతో అన్నది. "ఇది బిడ్డ గాదు సిద్దమ్మా, కొవ్వు. తింటాండాది, పెరుగుతాండాది, అంతే."

మరుసటి నెల ముట్టయ్యాను. పట్టపగలు, చాప చంకన పెట్టుకుని గుడిసెకు నడుస్తుంటే నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. గుడిసెలో అప్పటిదాకా మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు నన్ను చూసి ఊరుకున్నారు. చౌడక్క ఒక్కతే జరిగి చోటిచ్చింది. మా పక్కింటామె, ఐదుగురు పిల్లల తల్లి. తన కంబళి సగం నా మీద కప్పింది.

బుద్ధి ఉన్నవాళ్ళయితే ఒకసారితో ఆగుతారు. మేం ఆగలేదు. చిత్రభానులో మళ్ళీ నెలలు తప్పాయి. ఈసారి మా అత్త నాలుగు నెలలు నోరు విప్పలేదు, ఆ తర్వాత పట్టలేక మళ్ళీ బియ్యం తెచ్చింది. మళ్ళీ నెయ్యి, బెల్లం, గోడకు ఆనుకుని కూర్చోడం. నెల తప్పినప్పుడల్లా కూర్చోబెట్టి తినిపించారు. తినిపించేకొద్దీ ఒళ్ళు పెరిగింది, ఒళ్ళు పెరిగేకొద్దీ ముట్టు వెనక్కి పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా పని. అయితే ఆమె ప్రేమతో చేసింది. అందుకే ఈనాటికీ ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు.

ఆ ఏడే గడ్డం కింద వెంట్రుకలు మొదలయ్యాయి. గొర్రెలు మేతకు పోయి ఇల్లు ఖాళీ అయ్యాక, వేళ్ళకు బూడిద అద్దుకుని ఒక్కొక్కటే పీక్కునేదాన్ని. మెడ చుట్టూ మసి పూసినట్టు నలుపు. పీచుతో రుద్దితే తోలు లేచింది గాని నలుపు పోలేదు. రెండోసారి కూడా కడుపు ఉత్తదని తేలాక నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నన్ను మగరాయుడు అన్నారు. వినపడేటట్టే అన్నారు. నేను బదులుకు బదులు చెప్పే మనిషిని, ఆ రోజు మాత్రం కడవ నింపుకోకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత మా ఆయన చిన్నాయన ఇంటికొచ్చి ఇంకో పిల్లను చూద్దామన్నాడు. నేను వాకిట్లోనే ఉన్నాను, ఆయన గొంతు తగ్గించలేదు. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. మా అత్త లోపలికొచ్చి నా ఎదుట కూర్చుంది.

"ఒక ఏడు చూస్తా ఓబీ. నెలనెలా నువ్వు బయట చేరితే చాలు, బిడ్డను దేవుడిస్తాడు. అదిగూడా లేకుంటే నేనేం చెయ్యల్ల చెప్పు. నాకుండేది ఒక్కడే."

ఆమె చెప్పింది అంతే. నా కాపురం ఆ గుడిసెకు ముడిపడిపోయింది.

స్వభాను నామ సంవత్సరం మొదట్లో మా ఆయనే, ఎవరో చెప్పగా విని, నన్ను తుమకూరుకు పిలుచుకుపోయాడు. యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచే రోజులు. ఏటవాలు వచ్చిన చోటల్లా దిగి నడిచాం. ఆయన ముందు, నేను ఆయాసపడుతూ వెనక. ఆసుపత్రి వసారాలో పొద్దున్నుంచి కూర్చున్నాం. చుట్టూ అందరూ నిండు కడుపులవాళ్ళే. శిరా వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె నాకెన్నో నెల అని కన్నడలో అడిగింది. కాదవ్వా అన్నాను. ఆమె నా మొహం చూసి, ముంతలో ఉన్న మజ్జిగ సగం తాగి మిగతాది నాకిచ్చింది. ఆ మజ్జిగ తాగుతూ ఏడ్చాను. మొగవాళ్ళను లోపలికి రానివ్వరు కాబట్టి మా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. చూసినప్పుడల్లా ఆయన నిలబడే ఉన్నాడు.

డాక్టరమ్మ కన్నడమామె. పరీక్ష చేసి, ఇది పాపం కాదు, శాపం కాదు, నీకు గర్భసంచి లేకపోవడమూ కాదు అన్నది. కొందరి ఒంట్లో ఇలా అవుతుందట, ఒళ్ళు బరువెక్కితే ముదురుతుందట. నమ్మి ఇవ్వదగిన మందు తన దగ్గర లేదని దాపరికం లేకుండా చెప్పింది. బెల్లం, నెయ్యి, వరన్నం మానమంది. రాగి, కొర్ర, ఉలవలు, ఆకుకూరలు తినమంది. రోజూ చెమట పట్టేదాకా నడవమంది. పెళ్ళికి ముందు ఏం పని చేసేదానివని అడిగింది. గొర్రెలు కాసేదాన్నన్నాను.

ఆమె నవ్వి, "అయితే మళ్ళీ కాయి" అన్నది.

ఇంత దూరం పోయి తెచ్చిన మందు ఇదా అని మా అత్త మూడు రోజులు ముడుచుకుని కూర్చుంది. నేను పొద్దున పానకం వద్దన్నాను. నెయ్యి గిన్నె పక్కకు జరిపాను. నా చేతి నెయ్యి దానికి విషమైందా అని ఆమె కొడుకుతో అన్నది నాకు వినపడింది. ఆమెకు తెలిసిన ప్రేమ అదొక్కటే, దాన్ని నేను తోసేశాను. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద గొడవ ఏ మందుకూ వచ్చి ఉండదు.

మొదటి పదిహేను రోజులు మోకాళ్ళ నొప్పులు. మందలో గొర్రెపిల్ల కూడా నా కంటే ముందుండేది. తొడలు ఒరుసుకుని పుండ్లు పడితే ఆముదం రాసుకుని నడిచాను. తినేది చేతికి పట్టేంత సంగటి, ఉలవచారు, చేలో దొరికిన గురుగాకు, దొగ్గలాకు. ఆకలి అంటే ఏంటో నాకప్పుడు తెలిసింది. బెల్లం మీద ఆశ ఎంత పాడుదంటే, పక్కింట్లో పాకం వాసనొస్తే నోట్లో కొంగు కుక్కుకునేదాన్ని. మా ఆయన తన తేలిక కర్ర నాకిచ్చి బరువుది తను పట్టుకున్నాడు. గుట్ట కింద నేను ఆగిపోతే, గొర్రెలకే అలసటైనట్టు ఆయనా ఆగేవాడు. కాపురానికొచ్చి నాలుగేళ్ళకు అప్పుడు మొదలుపెట్టాం మేం మాట్లాడుకోవడం.

ఒళ్ళు మెల్లగా దిగింది. రవిక వదులైంది. ఐదో నెలలో, చేలోనే, ముట్టయ్యాను. ఆ రోజు చాప చంకన పెట్టుకుని గుడిసెకు ఎలా పోయానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ గుడిసెకు సంతోషంగా పోయిన మొదటి ఆడదాన్ని నేనే అయ్యుంటాను. మా అత్త బండ మీద సంగటి పెట్టి, దూరం నుంచే దండం పెట్టింది. నాకో, దేవుడికో తెలియదు.

తర్వాతి నెల రాలేదు.

ఇక్కడే నేను చేసిన తప్పు. డాక్టరమ్మ చెప్పే ఉంది, ఒకసారి వచ్చి ఆగుతుంది, మళ్ళీ వస్తుంది, ఓపిక పట్టమని. ఓపిక నాకుంది. ఇంట్లోవాళ్ళకు లేదనుకున్నాను. ఇది రాలేదని తెలిస్తే మా అత్త మళ్ళీ నెయ్యి గిన్నె తీస్తుంది, లేకపోతే చిన్నాయన మళ్ళీ వస్తాడు. రెండింట్లో ఏదైనా నా నడక ఆగిపోతుంది. అందుకని లెక్క ప్రకారం రావలసిన రోజున, రాకపోయినా, చాప తీసుకుని గుడిసెకు పోయి కూర్చున్నాను. గుడిసెలో ఉన్నదాన్ని ఎవరూ పరీక్ష చేయరు. ముట్టుకుంటే మైల కదా. మా ఆచారంలో ఇంత వీలున్న అబద్ధం ఇంకోటి లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది మరీ బాగా అతికింది.

కొన్ని నెలలు నిజంగా వచ్చేది, కొన్ని నెలలు ఉత్తదే కూర్చునేదాన్ని. మా ఓబుళమ్మకు ఇప్పుడు నెల తప్పదు అని మా అత్త నలుగురిలో చెప్పుకునేది. ఏడాది గడువు గడిచినా ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రెండోసారి తుమకూరుకు పోయినప్పుడు ఆమె కూడా వచ్చింది. డాక్టరమ్మ అడిగితే, అత్త పక్కనే ఉంది, నెలనెలా వస్తోందన్నాను. డాక్టరమ్మ చాలా సంతోషపడింది. ఇకమీద ఎప్పుడు తప్పినా ఒక్క రోజు ఆలస్యం చేయకుండా రా, అది కడుపే అయ్యుంటుంది, జాగ్రత్తగా చూసుకుందాం అన్నది. సరేనన్నాను. తప్పిందని చెప్పడానికి నాకు దారి ఎక్కడుంది?

తారణలో వైశాఖం తర్వాత మళ్ళీ ఆగింది. పాత రోగమే అనుకున్నాను. ఉలవచారు వాసన పడకపోతే, ఏడాదిగా అదే తింటున్నాం కదా, మొహం మొత్తిందనుకున్నాను. గుట్ట ఎక్కితే కళ్ళు తిరిగేవి, ఎండ అనుకున్నాను. రెండుసార్లు మోసపోయిన దాన్ని, మూడోసారి ఆశపడటానికి భయం. ఆ మూడు నెలలూ ఉత్తదే పోయి గుడిసెలో కూర్చున్నాను. శ్రావణంలో మూడోసారి కూర్చునే నాటికి రెండు రోజులుగా ముసురు. నేలంతా చెమ్మ. గుడిసె పైకప్పు కారుతుంటే నేనే ఎక్కి, బోద మోపులు పైకి లాగి సర్దాను.

ఆ మధ్యాహ్నం నడుములో మొదలైంది. చౌడక్క కూడా ఆ నెల నాతోనే ఉంది. సాయంత్రానికి నా చేతులు పట్టుకుని కూర్చుంది. అయిపోయాక, గుడ్డలో ఉన్నదాన్ని చూసి, తగ్గిన గొంతుతో అన్నది.

"ఓబుళమ్మా, ఇది ముట్టు గాదే. నేను రెండు పోగొట్టుకున్నదాన్ని, నాకు తెలుసు."

అదే వేళకు మా అత్త గంజి తెచ్చి బండ మీద పెట్టింది. నా మూలుగు విని, ఏమైందని దూరం నుంచే అడిగింది. మామూలే అత్తా, ఈసారి నొప్పి ఎక్కువన్నాను. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

నిజం చెప్పొచ్చు కదా అని మీకనిపిస్తుంది. చెబితే నాకు బిడ్డలు పుడతారని రుజువయ్యేది. కానీ ఆషాఢంలో గుడిసెలో కూర్చున్నదాన్ని ఊరంతా చూసింది. దానికి శ్రావణంలో మూడు నెలల కడుపు ఎక్కడిదంటారు? అబద్ధమాడానన్నా తప్పే, ఆడలేదన్నా తప్పే. చౌడక్క చేత ఒట్టు వేయించుకున్నాను. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు ఇద్దరం పోయి తంగేడు పొదల వెనక గుంత తీశాం. చౌడక్కే పూడ్చింది. నాకు చేతులు ఆడలేదు. నాలుగో రోజు తలకు పోసుకుని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. నా బిడ్డ పోయిన ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ తర్వాత చాలా నెలలు నాకు దేని మీదా మనసు లేదు. మా ఆయన ఎంత అడిగినా ఒళ్ళు బాగాలేదనేదాన్ని. పార్థివలో చిన్నాయన మళ్ళీ వచ్చినప్పుడు నేనే చేసుకోమన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు, వారం రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి మా అత్త ఏడుపు చూడలేక తల ఊపాడు. రత్నమ్మ వచ్చింది. నాకంటే ఐదేళ్ళు చిన్నది, నెమ్మదస్తురాలు. ఆ పెళ్ళికి సంగటి కెలికింది నేనే. నేను రాయినేం కాదు. వంట కాగానే గొర్రెల వెంట పోయి చీకటి పడేదాకా రాలేదు.

నడక మాత్రం మానలేదు. ఎందుకో నాకే తెలియదు. ఆ రాగి సంగటి, ఆ ఆకుకూర, ఆ గుట్ట చుట్టూ తిరగడం, నాకు మిగిలినవి అవే అనిపించేది. పార్థివ గడిచేసరికి ముట్టు నిజంగానే కుదురుకుంది. మెడ నలుపు సగం పోయింది. గడ్డం వెంట్రుకలు ఉన్నాయి, ఉండనీ. ఇంక గుడిసెలో అబద్ధం అక్కర్లేకపోయింది. మా ఆయన రత్నమ్మతో ఉంటున్నాడు, నా లెక్క ఇప్పుడు ఎవరికీ పట్టదు.

ఈ వ్యయ నామ సంవత్సరం, భాద్రపదం మొదట్లో, రత్నమ్మ నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"అక్కా, నాకు రెండు నెల్లాయ రాక. గుడిసెకు పోయి కూర్చుంటానక్కా. ఉత్తదే అయితే అత్త ఏమైపోతుందో."

నేను ఆమెకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఆమెకు అదే భయం, అదే ఉపాయం తట్టాయి. ఆ క్షణంలో నా లోపల ఇన్నాళ్ళూ బిగించుకున్నదంతా తెగింది. రత్నమ్మ చెయ్యి పట్టుకుని మా అత్త ముందు కూర్చోబెట్టాను. ఈ పిల్లకు నెల తప్పింది, డాక్టరమ్మకు చూపించండి, కడుపైనా కాకపోయినా కూర్చోబెట్టి తినిపించొద్దు అన్నాను. నీకెందుకంత పట్టింపు అని మా అత్త అడిగింది. చెప్పాను. మొదటినుంచీ, ఒక్కటి దాచకుండా.

నన్ను కొడుతుందనుకున్నాను. వాకిట్లోకి ఈడుస్తుందనుకున్నాను. చౌడక్కను పిలిచి సాక్ష్యం అడుగుతుందనుకున్నాను. ఆమె అవేమీ చేయలేదు. ఎన్నో నెలని మాత్రం అడిగింది. మూడు దాటిందన్నాను. నా వైపు చూడకుండా అన్నది.

"ఆ పొద్దు గంజి తెచ్చి బండకాడ పెట్టినానే. నువ్వు మూలుగుతాంటే వింటా నిలబడినానే. ఒక్క అడుగు ముందుకు రాలేదే ఓబీ."

రత్నమ్మది నిజమైన కడుపే. తుమకూరులో అదే డాక్టరమ్మ చూసింది. ఇప్పుడు ఆరో నెల. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం నాతోపాటు నడుస్తుంది. నెయ్యి మా అత్తే కొలిచి పోస్తోంది. బిడ్డ పుట్టాక నన్ను పెద్దమ్మ అంటుంది. ఆ మాట విన్నప్పుడు నాకెలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేను.

ఈ రాత మీలో ఎవరికైనా పనికొస్తే, నాకు తెలిసింది ఇంతే. నెల తప్పిన ప్రతిసారీ అది కడుపు కాదు, శాపమూ కాదు. ఒళ్ళు కదలాలి, తిండి తగ్గాలి, అది మెల్లగా దారికొస్తుంది. కానీ రానిదాన్ని వచ్చిందనకండి. మీ ఒంట్లో ఏం జరుగుతోందో ఒక్క మనిషికైనా చెప్పి పెట్టుకోండి.

ఆ భాద్రపద మాసం అమావాస్యకు, ఏటా మాదిరే, మా అత్త ఇంటి పెద్దలకు ఎడ పెట్టింది. పోయినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక విస్తరి వేసి, వాళ్ళకు ఇష్టమైనవి వడ్డించడం మా ఆచారం. మా ఇంట్లో నాలుగు విస్తర్లు. ఆ రోజు ఆమె నాలుగూ వడ్డించి, లోపలికి పోయి, అరచేతిలో పట్టేంత మోదుగాకు దొన్నె ఒకటి తెచ్చి చివర్న పెట్టింది. అందులో అన్నం వేయలేదు, పాలు పోసింది. టెంకాయ కొట్టడానికి వచ్చిన మా ఆయన అది చూసి ఆగాడు.

"ఐదోది ఎవరికమ్మా?"

"నీ బిడ్డకురా" అన్నది మా అత్త.

ఆయన టెంకాయ కింద పెట్టి, పెరట్లోకి పోయి రెండు గులకరాళ్ళు కడిగి తెచ్చాడు. దొన్నె గాలికి ఒరగకుండా అటొకటి ఇటొకటి పెట్టి, అక్కడే కూర్చుండిపోయాడు.